రోమ్‌లో ఓడెక్కి ఏథెన్స్‌లో దిగే లగ్జరీ క్రూజ్: వీసా ముందా, డబ్బు కట్టడం ముందా?

కృష్ణలంక_62
ఇద్దరమే, భార్యాభర్తలం. భారత పాస్‌పోర్టులు, హైదరాబాద్ నుంచి ప్రయాణం. అనుకుంటున్నది ఇదీ: మే 9న రోమ్ చేరడం, 11న ఓడ ఎక్కడం, 12 నేపుల్స్, 13 మెసీనా, 14 సముద్రంలో, 15 శాంటొరీని, 16 కుషదాసి (టర్కీ), 17 మికొనోస్, 18 పొద్దున ఏథెన్స్‌లో దిగి సాయంత్రం తిరుగు విమానం. ఇప్పుడే డిపాజిట్ కట్టేయమంటున్నాడు ఏజెంటు, వీసా సంగతి తర్వాత చూద్దామంటున్నాడు. ఏది ముందు? ఇంకా ఏం చూసుకోవాలి?

లంగరు_గారు
డిపాజిట్ కట్టండి, కానీ అది వెనక్కి వచ్చే రకమేనా అన్నది కాగితం మీద చూసుకుని కట్టండి. అసలు ప్రమాదం డిపాజిట్‌తో కాదు, మిగతా మొత్తం కట్టాల్సిన తేదీతో.

లగ్జరీ లైన్లలో (క్రూజ్ కంపెనీల్లో) పూర్తి సొమ్ము ప్రయాణానికి 90 నుంచి 150 రోజుల ముందే అడుగుతారు. మీ ఒప్పందంలో 120 రోజులు అని ఉందనుకోండి, మే 11కి లెక్కేస్తే జనవరి 11. షెంజెన్ వీసాకి (ఇటలీ, గ్రీసుతో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, అంటే నవంబర్ 9 నుంచి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అదనపు పరిశీలన పడితే 45 రోజుల దాకా. నవంబర్ రెండో వారంలో ఫైలు లోపలికి వెళ్తే, 45 రోజులు పట్టినా డిసెంబర్ చివరికి పాస్‌పోర్టు చేతికొస్తుంది, జనవరి 11కి ఇంకా రెండు వారాలుంటుంది. అదే సంక్రాంతి అయ్యాక చూద్దాం అనుకుంటే, ముందు డబ్బు మొత్తం కట్టి తర్వాత వీసా కోసం ఎదురుచూడాలి. తిరస్కరిస్తే రద్దు రుసుము మెట్లమెట్లుగా పెరుగుతుంది. చివరి నెలలోకి వచ్చేసరికి చాలా లైన్లలో వంద శాతం పోతుంది.

కాబట్టి వరస ఇది: వెనక్కి వచ్చే డిపాజిట్, ఇద్దరి పేర్లతో బుకింగ్ పత్రం, వీసా, ఆ తర్వాతే మిగతా సొమ్ము, విమానం టికెట్లు. వీసా ఫైలులో పెట్టడానికి విమానం రిజర్వేషన్ చాలు. డబ్బు వెనక్కి రాని టికెట్ అప్పుడే కొనక్కర్లేదు.

ఏజెంటు 'తర్వాత చూద్దాం' అంటున్నాడంటే అతనికి ముందు కావాల్సింది బుకింగ్, మీ వీసా కాదు. అంతకంటే చెడ్డ ఉద్దేశం ఉండకపోవచ్చు.

స్టాంపుల_శాస్త్రి
వీసా ఏ దేశానికి అన్నది ముందు తేలాలి. నియమం: ఎక్కువ రోజులు ఉండే దేశానికి, సమానమైతే మొదట అడుగు పెట్టే దేశానికి. మీ లెక్క చూద్దాం. ఇటలీ: 9, 10, 11, 12, 13, మొత్తం ఐదు. గ్రీసు: 15, 17, 18, మొత్తం మూడు. టర్కీ షెంజెన్‌లో లేదు, సముద్రం రోజు ఎవరి ఖాతాలోనూ పడదు. ఇటలీకే పెట్టాలి. రోమ్‌లో రెండు రాత్రులు తీసేసి ఏథెన్స్‌లో మూడు రాత్రులు కలిపితే లెక్క తిరగబడి గ్రీసుకి పోతుంది. హోటళ్లు మార్చేటప్పుడు ఇది మర్చిపోయి, తప్పు దేశానికి ఫైలు పెట్టేవాళ్లు చాలామంది.

ఇంకా ముఖ్యమైనది: మీకు మల్టిపుల్ ఎంట్రీ కావాలి. 15న శాంటొరీనిలో ఉన్నారు, అది షెంజెన్. 16న కుషదాసి వెళ్లారంటే షెంజెన్ దాటారు. 17న మికొనోస్‌కి వస్తే అది రెండో ప్రవేశం. సింగిల్ ఎంట్రీ వీసా అక్కడికే అయిపోయింది. పోర్టులో చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే వీసా మీద ఎంట్రీల గడి చూస్తారు. '1' అని ఉంటే ఓడ ఎక్కనివ్వకుండా ఆపేసే హక్కు వాళ్లకుంది, డబ్బు తిరిగిరాదు.

దరఖాస్తు ఫారంలో 'మల్టిపుల్' టిక్ పెడితే సరిపోదు. కవరింగ్ లెటర్‌లో తేదీల వారీగా రాయండి: ఫలానా రోజు టర్కీ, ఫలానా రోజు తిరిగి గ్రీసు, అందుకే కనీసం రెండు ప్రవేశాలు అవసరం. క్రూజ్ వాళ్లిచ్చిన పోర్టుల పట్టికలో కుషదాసి వరసని హైలైటర్‌తో గీసి జతచేయండి.

కృష్ణలంక_62
ఇంత చెప్పినా సింగిల్ ఎంట్రీయే వస్తే?

స్టాంపుల_శాస్త్రి
పాస్‌పోర్టు చేతికొచ్చిన రోజే స్టిక్కర్ చదవండి. పేరు అక్షరాలు, తేదీలు, రోజుల సంఖ్య, ఎంట్రీలు. తప్పుంటే వెంటనే వీసా దరఖాస్తు కేంద్రం ద్వారా రాతపూర్వకంగా అడగండి. అవసరమైతే మళ్లీ దరఖాస్తు చేయాలి. నవంబర్‌లో మొదలుపెట్టమనడానికి ఇదీ ఒక కారణం. అప్పటికీ కుదరకపోతే, ఫైనల్ పేమెంట్ ముందే ఇటలీ–గ్రీసు–క్రొయేషియా మాత్రమే తిరిగే ప్రయాణానికి మార్చుకోవచ్చు. క్రొయేషియా 2023 జనవరి 1 నుంచి షెంజెన్‌లోనే ఉంది, ఓడ బయటికి పోదు. మాంటెనెగ్రోలోని కోటోర్ కలిస్తే మాత్రం మళ్లీ అదే తలనొప్పి.

టర్కీకి: చెల్లే షెంజెన్ వీసా ఉన్న భారతీయులకి ఆన్‌లైన్‌లో ఈ-వీసా దొరుకుతుంది. ఓడలో వచ్చి ఒక్కరోజు తిరిగి వెళ్లేవాళ్లకి అక్కడి నియమాల్లో వెసులుబాటు ఉన్నా, మీ క్రూజ్ లైన్ రాతలో ఏం అడుగుతుందో అదే పాటించండి. కౌంటర్ దగ్గర వాదించి గెలిచేది ఉండదు.

ఇక కాగితాలు: వీసా రుసుము మనిషికి 90 యూరోలు (2024 జూన్ 11 నుంచి), కేంద్రం సేవా రుసుము వేరు. పాస్‌పోర్టు షెంజెన్ వదిలే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, పదేళ్ల లోపు జారీ అయినదై ఉండాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. బీమా కనీసం 30,000 యూరోలకి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, ఉద్యోగులైతే సెలవు పత్రం, రిటైరైతే పెన్షన్ కాగితం. ఖర్చంతా ఒకరే పెడుతుంటే రెండో వారికి స్పాన్సర్ లెటర్, దాంతో రిజిస్ట్రారు ఇచ్చిన పెళ్లి సర్టిఫికెట్. గుడిలో ఇచ్చిన రసీదు, శుభలేఖ పనికిరావు. ఐదేళ్ల లోపు వేలిముద్రలు ఇచ్చి ఉంటే 59 నెలల దాకా వాటినే వాడుకుంటారు.

బెజవాడ_టు_బోస్టన్
పెళ్లి సర్టిఫికెట్ మాటొచ్చింది కాబట్టి పేర్ల గొడవ కూడా చెప్పుకోవాలి. మన పాస్‌పోర్టుల్లో ఆయనకి ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంటుంది, ఆవిడకి పుట్టింటి ఇంటిపేరో, లేదా సర్‌నేమ్ గడి ఖాళీనో. ఇద్దరి ఇంటిపేర్లు వేరైనంత మాత్రాన క్రూజ్‌కి ఇబ్బంది లేదు. ఇబ్బంది ఎక్కడంటే, ఏజెంటు బుకింగ్‌లో ఇద్దరికీ ఒకే ఇంటిపేరు కొట్టేస్తాడు. విమానం టికెట్, క్రూజ్ బుకింగ్, వీసా, బీమా, నాలుగింట్లోనూ పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే ఉండాలి. 'వెంకట సత్యనారాయణ' లాంటి పొడుగు పేర్లు గడిలో పట్టక సగం తెగిపోతే పర్వాలేదు. అక్షరాలు మారితేనే సమస్య.

సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే పాస్‌పోర్టు రీ-ఇష్యూ ఇప్పుడే చేయించుకోవడం మేలు. వీసా పడ్డాక మారిస్తే రెండు పాస్‌పోర్టులు మోసుకు తిరగాలి. దుబాయ్‌లో ఒకరోజు దిగుదాం అనుకునేవాళ్లు గుర్తుంచుకోండి: 2022 నవంబర్ నుంచి యూఏఈ ఒకే పేరున్న పాస్‌పోర్టుతో టూరిస్టు వీసా మీద వచ్చేవాళ్లని అనుమతించడం లేదు.

అమెరికాలో హెచ్‌1బీ మీదున్న మనవాళ్లకి ఒక హెచ్చరిక: ఐ-797 (అమెరికా ఇమిగ్రేషన్ ఆమోద పత్రం) పొడిగింపు ఉంది కదా అని పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోయినా మధ్యధరా క్రూజ్ ఎక్కొద్దు. ఆటోమేటిక్ రీవ్యాలిడేషన్ (గడువు తీరిన స్టాంపుతోనే తిరిగి రానివ్వడం) హెచ్‌1బీ వాళ్లకి కెనడా, మెక్సికోలకి 30 రోజుల లోపు వెళ్లొస్తేనే. ఏథెన్స్ నుంచి తిరుగు విమానం ఎక్కించుకోరు.

విమానం_మోజు
రాకపోకలకి ఒకే టికెట్ మీద మల్టీ-సిటీ తీసుకోండి: హైదరాబాద్–రోమ్, ఏథెన్స్–హైదరాబాద్. ఎమిరేట్స్, ఖతార్, ఎతిహాద్ మూడింటికీ శంషాబాద్, రోమ్, ఏథెన్స్ మూడు ఊర్లూ ఉన్నాయి. విడివిడి టికెట్లు కొంటే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోదానికి ఎవరూ బాధ్యత వహించరు.

ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా అయితే షెంజెన్ ఇమిగ్రేషన్ రోమ్‌లో కాదు, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే. 2025 అక్టోబర్ 12న కొత్త ఈఈఎస్ పద్ధతి (రాకపోకల కంప్యూటర్ నమోదు) మొదలైంది కదా, మొదటిసారి ప్రవేశంలో ముఖం ఫొటో తీసుకుంటారు, వేలిముద్రలు వీసాకి ఇచ్చినవాటితో సరిచూస్తారు, క్యూ మెల్లగా కదులుతుంది. అక్కడ గంటంపావు కనెక్షన్ పెట్టుకుంటే కష్టం, కనీసం మూడు గంటలు ఉంచుకోండి. లండన్ మీదుగా చవగ్గా కనిపిస్తే ఆగండి: భారత పాస్‌పోర్టుకి ఎయిర్‌పోర్టు దాటకపోయినా బ్రిటన్ ట్రాన్సిట్ వీసా కావాలి, షార్ట్ స్టే షెంజెన్ వీసా దానికి మినహాయింపు ఇవ్వదు. అమెరికా వీసా ఉంటే మినహాయింపు ఉంది.

అత్తగారి_ఆవకాయ
ఒక చిన్న అనుమానం. రోమ్‌లో ఓడ ఎక్కడం అంటున్నారు, రోమ్‌కి సముద్రం ఎక్కడుంది?

తిబేరు_తీరం
మంచి ప్రశ్న, చాలామంది అడగరు. బ్రోషర్లో రాసేది పెద్ద ఊరి పేరు, ఓడ ఉండేది వేరే చోట. రోమ్ అంటే చివితావెక్కియా, నగరానికి సుమారు 70–80 కిలోమీటర్లు. ఫ్లోరెన్స్ అంటే లివోర్నో. పారిస్ అంటే ల హావ్ర్. లండన్ అంటే ఎక్కువగా సౌతాంప్టన్. వెనిస్ అయితే మరీ మోసం: 2021 ఆగస్టు 1 నుంచి పెద్ద ఓడల్ని సెయింట్ మార్క్ ముందున్న కాలువలోకి రానివ్వడం లేదు, అందుకని 'వెనిస్' అని అమ్మిన క్రూజ్ రవెన్నా నుంచో త్రియెస్తె నుంచో బయల్దేరుతుంది. హోటల్ బుక్ చేసే ముందు టెర్మినల్ పేరు చదవండి.

మీ విషయానికొస్తే, రోమ్‌లో రెండు రాత్రులు ఉంటున్నారు కాబట్టి హోటల్ సాన్ పియెత్రో స్టేషన్ దగ్గరో, త్రస్తేవెరే స్టేషన్ దగ్గరో చూడండి. చివితావెక్కియా వెళ్లే రీజనల్ రైళ్లు టెర్మినీ నుంచి బయల్దేరి ఆ రెండిట్లోనూ ఆగుతాయి. టెర్మినీలో ప్లాట్‌ఫారం దూరం, సామానుతో నడవాలి. అక్కణ్నుంచి దాదాపు గంట. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చేటప్పుడు కూడా ఎఫ్‌ఎల్1 రైలు త్రస్తేవెరేలో ఆగుతుంది. అందరూ ఎక్కే లియొనార్దో ఎక్స్‌ప్రెస్ మధ్యలో ఎక్కడా ఆగకుండా టెర్మినీకే పోతుంది.

కాగితం టికెట్ అయితే ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీదున్న మెషీన్లో ముద్ర కొట్టించుకోవాలి, లేకపోతే టికెట్ ఉన్నా జరిమానా. రీజనల్ రైళ్లలో సీటు నంబరు ఉండదు, పెద్ద పెట్టెలకి చోటు తక్కువ. చివితావెక్కియా స్టేషన్ నుంచి బస్సులో లార్గో దెల్లా పాచె దాకా, అక్కణ్నుంచి ఓడ దాకా పోర్టు వాళ్ల ఉచిత షటిల్. 'స్టేషన్ పక్కనే పోర్టు' అని చదివి నడక మొదలుపెట్టకండి. గేటు దగ్గరే, ఓడ మాత్రం ఇంకా కిలోమీటర్ల దూరం.

సమ్మె ఉందేమో ముందే చూసుకోండి. ఇటలీలో రైలు సమ్మెలు ముందే ప్రకటిస్తారు. పనిదినాల్లో పొద్దున 6–9, సాయంత్రం 6–9 మధ్య రీజనల్ రైళ్లు కొన్ని తప్పనిసరిగా నడుస్తాయి. సమ్మె రోజైతే 9 లోపు రైలు ఎక్కేయండి, లేదా ఇద్దరికీ కారు మాట్లాడుకోండి. లగ్జరీ క్రూజ్‌కి లక్షలు పోసి ఆ కారు దగ్గర పిసినారితనం ఎందుకని నా అభిప్రాయం.

లంగరు_గారు
ఓడ ఎక్కే రోజునే రోమ్‌లో దిగే ప్లాన్ ఎవరు చెప్పినా వినకండి. బయల్దేరే సమయానికి 60–90 నిమిషాల ముందే చెక్-ఇన్ మూసేస్తారు, కొన్ని లైన్లు ఇంకా ముందే. ప్రయాణికుల జాబితా పోర్టు అధికారులకి వెళ్లిపోయాక పేరు చేర్చరు. మీ రెండు రాత్రుల ఏర్పాటు సరైనది.

కెప్టెన్_కాదు
ఏ లైను అన్నది చెప్పలేదు. 'లగ్జరీ' అన్న మాట అందరూ వాడేస్తున్నారు. ధరలో ఏమేమి కలిసి ఉన్నాయో చూడండి. రీజెంట్‌లో చాలా పోర్టుల విహారాలు కూడా ధరలోనే. సిల్వర్‌సీలో ప్రతి సూట్‌కీ బట్లర్. సీబోర్న్, ఎక్స్‌ప్లోరాలో టిప్పులు, పానీయాలు కలిసే ఉంటాయి. వైకింగ్ సముద్రపు ఓడల్లో 18 ఏళ్ల లోపు వాళ్లకి ప్రవేశం లేదు. పిల్లల గోల వద్దనుకునే జంటలకి అది పెద్ద లాభం. పెద్ద ఓడలో బాల్కనీ గది చవగ్గా కనిపిస్తుంది, దానికి రోజువారీ టిప్పులు, వైఫై, నీళ్ల సీసాలు, విహారాలు కలుపుకుని పోల్చండి. ధర ఎప్పుడూ మనిషికి, ఇద్దరు ఒక గదిలో ఉంటారన్న లెక్కన.

గది: ఓడ నడుమ భాగంలో, కింది డెక్‌లలో ఊపు తక్కువ. పై అంతస్తు, ముందు కొన ఖరీదెక్కువ, కదలికా ఎక్కువే. పైన ఈతకొలను డెక్ ఉన్న గది వద్దు, తెల్లారి అయిదింటికి కుర్చీలు లాగే చప్పుడు. పక్క గదికి తలుపున్న కనెక్టింగ్ గది వద్దు, మాటలన్నీ వినబడతాయి. 'గ్యారంటీ' ధర అంటే గది నంబరు వాళ్లిష్టం. మంచాలు కలిపి వేయాలా విడిగానా అన్నది బుకింగ్‌లోనే రాయించండి.

ఆడిటర్_అప్పారావు
పన్ను మాట. భారత ఏజెంటు దగ్గర విదేశీ ప్యాకేజీగా కొంటే టీసీఎస్ (అమ్మేవాడు బిల్లుతో పాటే వసూలు చేసే ఆదాయపన్ను) పడుతుంది. 2025 ఏప్రిల్ నుంచి పది లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతంగా ఉండేది. 2026 బడ్జెట్‌లో దాన్ని మొత్తం మీద 2 శాతానికి తగ్గించారు, 2026 ఏప్రిల్ 1 నుంచి. పాత బ్లాగులు చూసి 20 శాతం అని భయపడకండి. ఇది పోయే డబ్బు కాదు, మీ పాన్ మీద ఆదాయపన్ను శాఖ లెక్కల్లో కనబడుతుంది, రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. బిల్లు ఎవరి పాన్ మీద చేస్తున్నారో అడగండి. రిటర్ను వేయని భార్య పాన్ మీద పడితే, తిరిగి రాబట్టడానికి ఆవిడ రిటర్ను వేయాల్సి వస్తుంది.

ఓడలో ఖాతాకి క్రెడిట్ కార్డే ఇవ్వండి. డెబిట్ కార్డు ఇస్తే రోజూ కొంత సొమ్ము హోల్డ్ చేస్తారు, దిగాక కూడా కొన్ని రోజులు బ్యాంకులో ఇరుక్కుంటుంది. డాలర్లలో కడతారా రూపాయల్లోనా అని మెషీన్ అడిగితే డాలర్లే ఎంచుకోండి. రూపాయి నొక్కితే వాళ్ల మారకపు రేటు పడుతుంది.

అత్తగారి_ఆవకాయ
తిండి? ఇద్దరూ శాకాహారులైతే చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ పెట్టుకెళ్లొచ్చా?

కెప్టెన్_కాదు
కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు, అగరొత్తులు, దీపం: అన్నీ నిషేధం. ఓడలో నిప్పంటే వాళ్లకి అన్నిటికన్నా భయం. సామాను ఎక్స్‌రేలో కనబడితే తీసి ఉంచుకుంటారు, దిగేటప్పుడు ఇస్తారు. పట్టుచీరకి ఇస్త్రీ కావాలంటే లాండ్రీకివ్వండి. ఫార్మల్ రాత్రికి పట్టుచీర, బంద్‌గలా నిక్షేపంగా సరిపోతాయి.

తిండికి అసలు మార్గం: బయల్దేరడానికి కనీసం 45–60 రోజుల ముందు ఏజెంటు ద్వారా 'ఇండియన్ వెజిటేరియన్' అని రాయించండి. ఊరికే 'వెజిటేరియన్' అంటే పాస్తా, సలాడ్, కాల్చిన వంకాయ వస్తాయి. గుడ్డు, చేప సాస్, మాంసం స్టాక్ తినరని విడిగా రాయాలి. సూపుల్లో స్టాక్ కలుపుతారు. ఎక్కిన రోజు మధ్యాహ్నమే డైనింగ్ రూం మేనేజర్ని కలిసి, రేపటి రాత్రి భోజనం ఇవాళే చెప్పే ఏర్పాటు చేసుకోండి. చాలా ఓడల వంటిళ్లలో భారతీయ వంటవాళ్లు ఉంటారు; పప్పు, అన్నం, కూర ముందు రోజు చెబితే చేస్తారు, అప్పటికప్పుడు అడిగితే కుదరదు.

పొడులు, పచ్చళ్లు సీల్ చేసిన ప్యాకెట్లలో, చెక్-ఇన్ పెట్టెలో. నెయ్యి, కోవా, పాల మిఠాయిలు, మాంసం పచ్చళ్లు యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకురాకూడదు. పచ్చి కరివేపాకు కూడా వద్దు.

తిబేరు_తీరం
ఓడ ఎక్కాక తెలియక డబ్బు పోయే చోటు ఫోను. తీరం దాటగానే ఫోను ఓడ శాటిలైట్ నెట్‌వర్క్ పట్టుకుంటుంది, భారత రోమింగ్ ప్యాకులు మామూలుగా దానికి వర్తించవు. ఫ్లైట్ మోడ్ పెట్టి ఓడ వైఫై మాత్రమే. యూరప్ ఈ-సిమ్ కొంటే టర్కీ అందులో ఉందో లేదో చూడండి. గ్రీసు ఇటలీకన్నా గంట ముందు. తిరిగి ఎక్కే సమయం ఓడ గడియారం ప్రకారమే, కాబట్టి చేతికి మామూలు గడియారం పెట్టుకుని ఓడ సమయం ఉంచండి.

పెద్ద పెట్టెలు పోర్టులో కూలీలకిచ్చేస్తారు, గదికి సాయంత్రం దాకా రావచ్చు. పాస్‌పోర్టులు, మందులు, నగలు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే. ఇలాంటి ప్రయాణాల్లో పాస్‌పోర్టులు ఓడవాళ్లే తీసుకుని ఉంచుకోవచ్చు, కంగారుపడకండి. మొదటి పేజీ, వీసా పేజీ జిరాక్సులు మీ దగ్గర ఉంచుకోండి. ఎక్కిన రోజు భద్రతా డ్రిల్ తప్పనిసరి. 2012 జనవరిలో కోస్టా కాంకోర్డియా మునిగాక నియమం గట్టిపడింది: ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే అందరికీ అవ్వాలి.

శాంటొరీనిలో ఓడ ఒడ్డుకి రాదు, చిన్న పడవల్లో దింపుతారు. కింద పాత రేవు నుంచి ఫిరా ఊరికి కేబుల్ కార్, లేదా 580కి పైగా మెట్లు. నాలుగైదు ఓడలొచ్చిన రోజు సాయంత్రం దిగే క్యూలో గంటకి పైనే పోతుంది, ఓడ వెళ్లే సమయానికి రెండున్నర గంటల ముందే క్యూలో ఉండండి. ఓడ వాళ్ల విహారంలో వెళ్తే ఆలస్యమైనా ఆగుతారు, సొంతంగా వెళ్తే ఆగరు. రోజూ ఇచ్చే కార్యక్రమ పత్రం మీద ఆ పోర్టు ఏజెంటు ఫోను నంబరు ఉంటుంది, దిగే ముందు ఫొటో తీసుకోండి. ఓడ వెళ్లిపోతే మీ తిండికీ గదికీ ముందు కావాల్సింది ఆ నంబరే.

2025 జూలై నుంచి గ్రీసు దీవుల్లో దిగే క్రూజ్ ప్రయాణికులకి పన్ను ఉంది. శాంటొరీని, మికొనోస్‌లకి జూన్–సెప్టెంబర్‌లో 20 యూరోలు, మేలో 12. ఓడ బిల్లులో కలుస్తుంది.

కృష్ణలంక_62
వీసా కోసం తీసుకున్న 30,000 యూరోల బీమా ఓడకి సరిపోతుందా?

లంగరు_గారు
వీసాకి సరిపోతుంది, ఓడకి కాదు. పాలసీలో మూడు పదాలు వెతకండి: క్రూజ్ కవర్, సముద్రం మీద నుంచి మెడికల్ ఎవాక్యుయేషన్ (ఆసుపత్రికి తరలించడం), మిస్డ్ డిపార్చర్ (ఓడ తప్పిపోవడం). ఓడ డాక్టరు దగ్గర క్యాష్‌లెస్ ఉండదు, మీ గది ఖాతాలో వేస్తారు, బిల్లులతో తర్వాత క్లెయిం చేసుకోవాలి. బీపీ, షుగర్ దాచిపెట్టి పాలసీ కొంటే వాటికి సంబంధించిన క్లెయిం తిరస్కరిస్తారు. మందులు మొత్తం రోజులకీ, ఇంకో వారానికి అదనంగా, జెనెరిక్ పేర్లతో రాసిన ప్రిస్క్రిప్షన్‌తో.

విమానం_మోజు
18న సాయంత్రం విమానం సరే, మధ్యాహ్నం ఒంటిగంట లోపు అయితే వద్దనేవాణ్ని. ముందు రాత్రి పెద్ద పెట్టెలు గది బయట పెట్టాలి, పొద్దున వేసుకోవాల్సిన బట్టలు, చెప్పులు లోపల ఉంచుకోండి. పైరియస్ (ఏథెన్స్ రేవు) నుంచి ఎయిర్‌పోర్టుకి మెట్రో మూడో లైను నేరుగా పోతుంది, సుమారు గంట, 9 యూరోలు. క్రూజ్ టెర్మినల్ నుంచి మెట్రో స్టేషన్ రెండు కిలోమీటర్లకి పైనే, అక్కడిదాకా టాక్సీయే. రోమ్‌లో ఒకే దుకాణంలో 70 యూరోలు దాటి కొన్నవాటికి పన్ను వాపసు ఏథెన్స్ ఎయిర్‌పోర్టులో తీసుకోవాలి, పెట్టెలు చెక్-ఇన్‌కి ఇవ్వకముందే. వస్తువు చూపించమంటారు.